మా వదిన ఏమీ మర్చిపోని రోజులు

మా ఇంట్లో ముందు చెయ్యి లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. మా నాయన అట్లాంటివాడు, మా అన్న అట్లాంటివాడు. నేను బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని, అందుకని నా చేతుల్ని జాగ్రత్తగా ఉంచుకుంటాను. కానీ పోయిన నెల మధురైలో మా వదిన కర్మ జరిగిన రోజున, పందిట్లో నా పక్కన కూచున్న ఆమె తరపు బంధువొకామె, "ఆ మాత్రలే తినేశాయమ్మా దాన్ని. తలకాయకు మందేసుకుంటే ఒళ్లు నిలుస్తుందా?" అన్నది. నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అది పోయి గోడకు తగిలి సొట్టపడింది. ఆమె చీర నిండా కాఫీ. విసిరింది నేనేనని నాకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

వదిన పోయింది డెంగ్యూ జ్వరంతో. మామూలు జ్వరమే అనుకుని ఇంట్లో ఉండిపోయింది, ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. ఆ మాత్రలకూ ఈ చావుకూ ఏ సంబంధమూ లేదని అక్కడి డాక్టరు నాకూ, ఆమె కూతురు పూర్ణికీ విడమరిచి చెప్పాడు. అయినా మావాళ్లకు ఆ మాటే రుచిగా ఉంది. ఆమెను తినబోయింది వేరే. అదేమిటో మా వీధిలో అందరికీ తెలుసు, నోటితో మాత్రం అనరు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదివాం. తెలుగు రాయడం నాకు పెద్దయ్యాక పట్టుబడింది. వచ్చినంతలో రాస్తాను.

వదినది మధురై పక్కన తిరుమంగళం. కోయంబత్తూరు సింగానల్లూరులో మాది కింద రెండు గదులు, పైన ఒక గది ఉన్న ఇల్లు. పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన నేను పైన, అన్నా వదినా పూర్ణీ అమ్మా కింద. వీధి చివర అన్నకు లేత్ షెడ్డు ఉంది. పంపుసెట్లకు కావలసిన ఇరుసులు తీసి కంపెనీలకు ఇస్తాడు.

వదిన నడిచేది కాదు, పోయి తగిలేది. గుమ్మానికి భుజం, మంచం కోడుకు మోకాలు, పొయ్యిగట్టు అంచుకు మోచెయ్యి. ఆమె ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒకచోట నల్లగా కమిలి ఉండేది. ఎక్కడ తగిలిందని అడిగితే, ఏమో అమ్మణీ, ఏదో గుద్దుకున్నట్టుండాను, అనేది. అమ్మణి అన్నది మా కోయంబత్తూరు వైపు ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే పిలుపు. వచ్చిన కొత్తలో పట్టుకుంది, నాకు తల నెరిసినా వదల్లేదు.

ఇల్లంతా ఆమె సగం తాగి వదిలిన టీ గ్లాసులే. పిట్టగోడ మీద ఒకటి, మోటారు స్విచ్చు పెట్టె మీద ఒకటి, ఒకసారి బీరువాలో మడతపెట్టిన చీరల మధ్య ఒకటి. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులేసుకుని సంతకు పోయి వచ్చేది. టౌన్ బస్సు ఎక్కితే సింగానల్లూరు దాటిపోయి ఒండిపుదూరులో దిగి, ఎండలో వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. మాట మొదలుపెడితే సగంలో ఇంకో మాటలోకి దూకేది. రెంటికీ మధ్య "అప్పురం" అనేది. తమిళంలో "తర్వాత" అని అర్థం. నిన్న బస్సులో ఒకామె కనబడింది అమ్మణీ, అప్పురం... అని గోడకేసి చూసి, పొయ్యి మీద ఏదో పెట్టిన సంగతి గుర్తొచ్చి పరుగెత్తేది. ఆ బస్సులో ఆమె ఎవరో, ఏమన్నదో నాకు ఈనాటికీ తెలియదు.

ఏదైనా మర్చిపోయానని తెలిసిన క్షణంలో అరచేతి మొదలుతో నుదుటి మీద కొట్టుకునేది. ఊరికే తట్టుకోవడం కాదు. పక్క గదిలోకి వినబడేంత దెబ్బ. ఒక్కోరోజు వరసగా కొట్టుకునేది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే, వదులు, దీనికి పడాల్సిందే, అని తన తలకాయను ఎవరిదో అయినట్టు తిట్టేది.

కోపం కూడా అంతే, ఒక్క ఉదుటున వచ్చేది. ఒకసారి సింగానల్లూరు బస్టాండులో ఇద్దరం నిలబడి ఉన్నాం. ఒక మనిషి కాలేజీ పిల్ల వెనక చేరి ఒంటికి ఒళ్లు రాస్తున్నాడు. ఆ పిల్ల జరుగుతోంది, వాడూ జరుగుతున్నాడు. అందరం చూస్తున్నాం. వదిన చేతిలో గొడుగు ఉంది. నేను ఇటు తిరిగి అటు తిరిగేసరికి వాడి ముక్కు మీద నుంచి రక్తం కారుతోంది. గొడుగు కమ్ములు విరిగి బయటికొచ్చినా ఆపలేదు, మిగిలిన కర్రతో మెడ మీద, వీపు మీద బాదింది. వాడు ఆగి ఉన్న బస్సు కిందకు దూరాడు. ఆ పిల్ల వదిన చేతులు పట్టుకుని ఏడ్చింది. అదయ్యాక మేం బస్సెక్కి ఇంటికొచ్చాం, వచ్చాక చూసుకుంటే ఆమె సంచీ ఆ బస్టాండు బల్ల మీదే ఉండిపోయింది. అందులో ఇంటి తాళంచెవి ఉంది.

ఆ సాయంత్రం తాళంచెవి పోగొట్టినందుకు మా అన్న ఆమెను కొట్టాడు.

మా అన్న కొట్టే పద్ధతి చెప్పాలి. ముందు చేతివాచీ విప్పేవాడు. విప్పి, పట్టీ మడిచి, టీవీ పక్కన పెట్టేవాడు. వాచీ టీవీ పక్కకు చేరగానే అమ్మ పూర్ణిని తీసుకుని పెరట్లోకి పోయేది. పాలు పొంగిపోతే కొట్టాడు. గ్యాస్ కట్టెయ్యకపోతే కొట్టాడు. షెడ్డుకు భోజనం క్యారియర్‌లో చారు పెట్టడం మర్చిపోతే ఆ క్యారియర్ గిన్నెతోనే కొట్టాడు. ఆమె ఊరుకునేది కాదు. చేతికి దొరికింది విసిరేది, గోళ్లతో రక్కేది. ఒకసారి ఇడ్లీపాత్ర మూత వాడి చెవికి తగిలి కుట్లు పడ్డాయి. దాంతో వీధిలో ఇద్దరూ కొట్టుకుంటారులే అన్న మాట పుట్టింది. అమ్మ అయితే, "నువ్వు సక్కంగా ఉంటే వాడేల కొడతాడు?" అనేది. ఈ మాటను వదిన కూడా నమ్మింది. నేను మేడ మెట్లు దిగివచ్చి అడ్డం పడితే, అన్న చెయ్యి ఆగేది కానీ వదినే నన్ను పక్కకు తోసి, తప్పు నాదే అమ్మణీ, నువ్వు పో, అనేది.

ఒకే ఒక్కసారి ఆమె తనంతట తనే మహిళా పోలీస్ స్టేషన్‌కు పోయింది. నేను తోడు పోయాను. అక్కడ కూచోబెట్టి ఏమైందని అడిగారు. పాలు పొంగిన సంగతితో మొదలుపెట్టి, పెళ్లిలో జరిగిన గొడవకు పోయి, అప్పురం అని పూర్ణి బడి సంగతికి వచ్చి, మధ్యలో ఎదురుగా తిరుగుతున్న ఫ్యాన్ శబ్దం చేస్తోందని ఆ కానిస్టేబుల్‌కు చెప్పింది. ఆ అమ్మాయి రాయడం ఆపి నవ్వింది. రేపు మీ ఆయన్ను వెంటబెట్టుకుని రా అక్కా, అని పంపించేసింది. ఇంటికి వచ్చేసరికి అన్నకు ఎవరో చెప్పేశారు. గుమ్మంలోకి అడుగు పెట్టేటప్పటికే వాచీ టీవీ పక్కన ఉంది.

మందు సంగతి పూర్ణి వల్ల బయటపడింది. పూర్ణి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, పిల్ల ఎప్పుడూ కిటికీలోంచి చూస్తుంది, పుస్తకాలన్నీ పోగొడుతుంది, ఎవరికైనా చూపించండి అని బడివాళ్లు అన్నారు. నేనూ వదినా కలిసి పూర్ణిని ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకుపోయాం. నడివయసామె, నెమ్మదిగా మాట్లాడుతుంది. పిల్ల వస్తువులు పోగొడుతుందా, మాట మధ్యలో లేచిపోతుందా, మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. వదిన ప్రతిదానికీ బదులు చెప్తూ పోయింది. నిన్న పప్పు మాడింది, బస్సు దిగాల్సిన చోటు దాటిపోయింది, తాళంచెవి... డాక్టరు పెన్ను కింద పెట్టి, "అమ్మా, మీరు చెప్తున్నది పాప గురించా, మీ గురించా?" అని అడిగింది.

వదిన కంగారుపడి నుదుటి మీద కొట్టుకుంది. డాక్టరు ఆ చేతినే చూసింది.

తర్వాత ఇంకో రెండు మూడు సార్లు పోవాల్సి వచ్చింది. చిన్నప్పటి సంగతులన్నీ అడిగారు. వదిన చిన్నతనం వింటూ నేను పక్కన కూచోలేకపోయాను. పలక పోగొడితే వాళ్ల నాయన బెల్టు తీశాడు. కొత్త చెప్పులు గుడి దగ్గర మర్చిపోతే ఎండకు కాగిన రోడ్డు మీద వట్టికాళ్లతో నిలబెట్టాడు. లెక్కల అయ్యవారు వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి నొక్కాడు. ఆమె ఇదంతా నవ్వుతూ చెప్పింది. డాక్టరు నవ్వలేదు. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు, పుట్టుకతో వచ్చేది, మనసును ఒకచోట నిలపడం మీ చేతిలో లేదు, ఇది సోమరితనమూ కాదు, పొగరూ కాదు, పిచ్చీ కాదు అని చెప్పింది. పూర్ణికి ప్రస్తుతానికి మాత్రలు అక్కర్లేదన్నది, కొన్ని అలవాట్లు నేర్పింది. వదినకు మాత్రం రక్తపోటు చూసి, గుండె పరీక్ష చేయించి, పొద్దున పూట వేసుకోమని మాత్రలు రాసింది.

మొదటి మాత్ర వేసుకున్న రోజు వదిన కింద నుంచి నన్ను పిలిచిన గొంతు విని, మళ్లీ ఏదో జరిగిందనుకుని మెట్లు రెండేసి దిగాను. ఆమె పొయ్యి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు. చూడు, అన్నది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. పాల మీద మీగడ ముడతలు పడింది, అంచుల నుంచి నురగ లేచింది, పాలు పైకి రావడం మొదలైంది. అంచు దాకా వచ్చినప్పుడు ఆమె మంట కట్టేసింది. పాలు తగ్గి కిందకు పోయాయి. ఆమె నా వైపు తిరిగింది.

"ఇంతేనా అమ్మణీ?" అన్నది. "అందరికీ ఇట్లానే ఉంటుందా? ఊరికే నిలబడితే నిలబడగలరా?"

అవునన్నాను. ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్లూ తాను మనసు పెట్టడం లేదని అందరూ అంటుంటే, అందరూ ఇంత కష్టపడే మనసు పెడుతున్నారు కాబోలు, తానే పనిదొంగ కాబోలు అనుకున్నదట.

అన్నీ మంచివే జరిగాయని చెప్పను. ఆకలి చచ్చిపోయింది. మధ్యాహ్నం పళ్లెం ముందు కూచుంటే ముద్ద దిగేది కాదు, నోరు పిడచగట్టుకుపోయేది. మొహం పీక్కుపోయింది. డాక్టరు మందు మోతాదు మార్చి, మాత్రకు ముందే కడుపు నిండా తినమని చెప్పాక కొంచెం కుదుటపడింది. సాయంత్రం మందు బలం తగ్గే వేళకు చిరాకు పుట్టేది, చిన్న శబ్దానికి కూడా ఉలిక్కిపడేది. కానీ పగలంతా ఆమె వేరే మనిషి. మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పేది. పూర్ణి బడి నుంచి వచ్చి చెప్పే కథలు మధ్యలో ఆపకుండా వినేది. బస్సులో సరిగ్గా సింగానల్లూరులోనే దిగేది. టీ మొత్తం తాగేది. నుదుటి మీద కొట్టుకోవడం ఎప్పుడు మానేసిందో మాకు తెలియనే లేదు.

అన్నకు ఇది నచ్చుతుందని నేననుకున్నాను. అతను ఇన్నాళ్లూ అడిగింది ఇదే కదా. కానీ వాడి మొహం రోజురోజుకూ బిగుసుకుంది. ఇంతకు ముందు వాడికి ఒక సౌకర్యం ఉండేది. నేను చెప్పాను, నువ్వు మర్చిపోయావు అంటే అయిపోయేది. ఆమెకు తన మీద తనకే నమ్మకం లేదు కాబట్టి ఒప్పుకునేది. చెప్పనివి కూడా చెప్పానని చెప్పి కొట్టాడని ఆమెకు అప్పుడప్పుడే తెలిసివస్తోంది. ఒకరోజు వాడు అట్లాగే అన్నప్పుడు ఆమె, లేదు, చెప్పలేదు, అన్నదట. గట్టిగా కూడా అనలేదట. ఆ మర్నాడు మాత్రల అట్ట కనబడలేదు. పిచ్చిదాని మందులు నా ఇంట్లో ఒద్దు అని అన్న వాటిని పాయిఖానాలో పోసి నీళ్లు కొట్టాడు.

మళ్లీ చీటీ రాయించుకుని మందు తెచ్చుకునేదాకా ఆమె పాత మనిషిలా పరుగెత్తింది. ఆ హడావిడిలో కాగిన నూనె చేతి మీద ఒంపుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు ఊడింది. అప్పటి నుంచి మాత్రలు నా గదిలో ఉంచాం. పొద్దున్నే టిఫిన్ తిని మేడ మీదకు వచ్చి, నా ఎదురుగా మాత్ర వేసుకుని, కొంచెంసేపు కూచుని దిగిపోయేది.

అట్లా ఒక పొద్దున మేడ మీద ఎండలో వడియాలు పెడుతున్నాం. ఆమె జాకెట్టు చేతులు పైకి లాక్కుని నాకు భుజాలు చూపించింది. కుచ్చిళ్లు ఎత్తి పిక్కలు చూపించింది. కాలిన చెయ్యి మానుతోంది. భుజం వెనక ఒక కమిలిన మచ్చ, మెడ కింద వేళ్ల అచ్చులు, పిక్క మీద చెప్పు అంచు దిగిన గీత.

"నేను ఈమధ్య దేనికీ గుద్దుకోలేదు అమ్మణీ," అన్నది. "గుమ్మం దాటేటప్పుడు గుమ్మం కనబడతా ఉండాది. మరి ఇవి ఏల ఉండాయి?"

అంతకు ముందు ఒంటి మీద అన్ని మచ్చలు ఉండేవి, ఏది తనదో ఏది వాడిదో ఆమెకే తెలిసేది కాదు. ఇప్పుడు తనవి పోయాయి. మిగిలినవి మిగిలాయి.

కొంచెంసేపటికి, పిండి చేతుల్తోనే, ఇంకో మాట అడిగింది. కోపం వచ్చినవాడు వాచీ విప్పుతాడా? తాను గొడుగుతో ఆ మనిషిని కొట్టినప్పుడు చేతిలో ఏముందో కూడా తనకు తెలియదట. కోపం అంటే అది. వాచీ విప్పి, పట్టీ మడిచి, గీతలు పడకుండా పక్కన పెట్టేవాడికి అన్నీ తెలిసే ఉంటాయి. ఈ సంగతి ఆమె నాకు చెప్పడం లేదు, తనకు తాను చెప్పుకుంటోంది. వడియాలు మాత్రం వరస తప్పకుండా పెట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం కింద భోజనాలకు కూచున్నాం. అన్నం, వంకాయ కూర, చారు, అప్పడాలు. దేనికీ వంక లేదు. అన్న పళ్లెం చూసి, ఈరోజు నా స్నేహితుడు వస్తాడు, మాంసం వండమని చెప్పాను కదా, అన్నాడు. చెప్పలేదన్నది వదిన. చెప్పాను, నువ్వు మర్చిపోయావు, అన్నాడు.

"నేను మర్చిపోలేదు," అన్నది ఆమె. "నువ్వు చెప్పలేదు. ఇకమీద నేను మర్చిపోయానని అనొద్దు."

అన్న చెయ్యి కడుక్కుని వచ్చి వాచీ విప్పాడు. అమ్మ పూర్ణి చెయ్యి పట్టుకుంది. పూర్ణి ఆ చెయ్యి విడిపించుకుని అక్కడే నిలబడింది.

మొదటి దెబ్బకు వదిన గోడకు పోయి కొట్టుకుంది. ఎప్పటిలా దేన్నీ అందుకోలేదు, రక్కలేదు, అరవలేదు. చేతులు కిందికి వేలాడేసి నిలబడి, అతని మొహంలోకి చూస్తూ ఉంది. ఆ చూపే వాడికి పిచ్చెక్కించింది. జుట్టు పట్టి వంచి మోకాలితో పొడిచాడు. నేను వెనక నుంచి వాడి చొక్కా పట్టి లాగాను. మోచెయ్యి వెనక్కి విసిరాడు, నా పెదవి పగిలింది, నోట్లో ఉప్పగా రక్తం. వాడు పొయ్యిగట్టు మీద ఉన్న కుక్కర్ మూత అందుకున్నాడు. ఆ మూత ఆమె మెడకూ భుజానికీ మధ్య పడినప్పుడు ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండుకర్ర విరిగినట్టే. ఆమె కూచుండిపోయింది. వాడు మళ్లీ ఎత్తాడు. పూర్ణి వచ్చి తల్లి మీద పడుకుంది. ఆ దెబ్బ పూర్ణి వీపు మీద పడింది.

అప్పుడు మా అమ్మ, ఎన్నడూ కొడుకు ముందు నోరెత్తని మా అమ్మ, చారు గిన్నె ఎత్తి వాడి కాళ్ల మీద కుమ్మరించింది. వాడు కేకలు పెడుతూ వీధిలోకి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఒక రాత్రి ఉండమంటే ఉంది. మర్నాడు పొద్దున మాత్ర ఎక్కడని అడిగింది. నొప్పికి ఇప్పటికే ఇన్ని ఇచ్చారు, ఈరోజుకు వద్దులే వదినా, అన్నాను. డాక్టరును అడిగి పరవాలేదనిపించుకుని మరీ వేసుకుంది. ఈరోజు నాకు అది కావాల, అన్నది. అక్కడి నుంచి ఆటోలో నేరుగా మహిళా స్టేషన్‌కు పోయాం.

ఈసారి ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా కూచుంది. వదిన చేతికి కట్టు, మొహం ఒకవైపు వాచిపోయి ఉంది. తమిళంలో మొదలుపెట్టింది. నిన్న జరిగింది ముందు చెప్పింది, ఎవరు ఎక్కడ కూచున్నారో, ఎవరు ఏమన్నారో. అప్పురం అన్నది. నేను తలెత్తి ఫ్యాన్ వైపు చూశాను. అప్పురం, దానికి ముందు మాత్రలు పారేసిన రోజు చెప్పింది. అప్పురం, చెప్పుతో తన్నిన రోజు. ఏది ముందో ఏది వెనకో ఎక్కడా తడబడలేదు. ఫ్యాన్ ఆరోజు కూడా చప్పుడు చేస్తూనే ఉంది.

ఇంతలో అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, పాదాలకు కట్లు. జేబులోంచి డాక్టరు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. మేడమ్, ఇది మెంటల్ కేసు, తలకు మందు వాడుతోంది, దీని మాట ఎట్లా నమ్ముతారు, అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ చీటీ చదివి, నిజమేనా అన్నట్టు వదిన వైపు చూసింది.

"నిజమే మేడమ్. మాత్ర వేసుకునే వచ్చాను," అన్నది వదిన. "పోయినసారి వేసుకోకుండా వచ్చాను, మీవాళ్లు నవ్వి పంపేశారు. ఈరోజు మొత్తం చెప్పగలను. ఇంకా ఉండాది, రాసుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ చీటీని అన్న వైపు తోసేసి, అతన్ని బయట కూచోమన్నది.

కేసు పెట్టారు. అన్న కొన్నాళ్లు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. పెద్దమనుషులు రాజీకి తిరిగారు. వదిన ఒప్పుకోలేదు. పూర్ణిని తీసుకుని ముందు తిరుమంగళం పోయింది, పుట్టింటివాళ్లు కూడా సర్దుకుపొమ్మనే సరికి మధురైలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే కొట్టు పెట్టింది. బియ్యం, మినుములు వేళకు నానాలి, వేళకు రుబ్బాలి. ఆ పనిని ఆమె చేయగలదని పదేళ్ల ముందు చెప్తే ఎవరూ నమ్మేవారు కాదు. నేనూ ఆ ఇల్లు వదిలేశాను. బడి దగ్గర ఒక గదిలో ఉంటున్నాను, అమ్మ నాతోనే ఉంది.

మందు ఆమెను సాధువును చేసిందని అనుకోకండి. చెయ్యి లేచే ఇంట్లో పుట్టి, చెయ్యి లేచే ఇంటికి వచ్చి, ఆమె చెయ్యి కూడా లేవడం నేర్చుకునే ఉంది. పొద్దుగూకే వేళ, మందు బలం తగ్గి, కొట్లో జనం మూగే వేళ, ఆమెకు కష్టంగానే ఉండేది.

అట్లాంటి ఒక సాయంత్రం నాకు పూర్ణి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ముక్కు ఎగబీలుస్తోంది.

"అత్తా, అమ్మ నన్ను కొట్టింది. నీకు ఫోన్ చేసి చెప్పమంది."

ఏమైందమ్మా అన్నాను. నేను పిండి బకెట్టు మూత పెట్టడం మర్చిపోయాను, అది కాస్తా ఒలికిపోయి... అని పూర్ణి చెప్పబోయింది. వెనక షట్టరు దించిన చప్పుడు, బయట ఎవరో పిండి ఇవ్వమ్మా అని పిలుస్తున్న చప్పుడు వినబడుతోంది. వదిన గొంతు దగ్గరకొచ్చింది. అరవడం లేదు.

"ఎందుకు కొట్టానో చెప్పొద్దు. అది మీ నాయన మాట, మనకు ఒద్దు. ఎక్కడ కొట్టానో చెప్పు అత్తకు."

పూర్ణి ముక్కు తుడుచుకున్న చప్పుడైంది.

"చెంప మీద, అత్తా," అన్నది.